గవరమ్మ తలుచుకుంటోంది

అనగనగా, కొండ మీద వెదురు ఎవరు కొట్టుకున్నా అడిగేవాళ్ళు లేని కాలంలో, కొండ కింద ఒక ఊరు. ఆ ఊరి చివర బుట్టలు అల్లుకుని బతికే గవరమ్మ, ఆమె మొగుడు పైడయ్య. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక కత్తి, ఒక కుండ, ఒకరికొకరు.

పైడయ్య మాటకారి. అతను నోరు తెరిస్తే సంతలో పక్కవాళ్ళ బేరాలు కూడా ఆగిపోయేవి. అలాంటి మనిషికి ఒకనాడు పొద్దున్నే కుడిచెయ్యి పడిపోయింది. మూతి వంకరపోయింది. మాట ముద్దయిపోయింది. పక్షవాతం అన్నారు. పసరు మందులయ్యాయి, నూనె మర్దనాలయ్యాయి. కొన్నాళ్ళకి లేచి కూర్చున్నాడు. గొంతు మాత్రం కోలుకోలేదు.

దాహమంటే గవరమ్మ చెంబెత్తి నోట్లో నీళ్ళు పోసింది. ఆ ఊళ్ళో చెంబు మూతికి తగిలితే ఎంగిలి. తల వెనక్కి వాల్చి, పైనుంచి పోసుకోవలసిందే. నీళ్ళు పడ్డాయో లేదో పైడయ్యకి పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళు తేలేశాడు. పక్కింటి ఎర్నమ్మ వచ్చి నెత్తిమీద తట్టింది.

“ఏటీ కాదే. మీ ఓణ్ణి ఎవులో తలుసుకుంతన్నారు. అత్తోరింట్నున్న ఆడి అప్ప అయ్యుంటాది” అంది.

మర్నాడు చారు పోసింది. మళ్ళీ పొలమారింది. మళ్ళీ ఎర్నమ్మ తట్టింది. “సంతలో నేస్తులు తలుసుకుంతన్నారు” అంది.

మూడో రోజు పలచటి గంజి పోసింది. ఈసారి దగ్గు ఆగలేదు. పెదాలు నల్లబడ్డాయి. ఎర్నమ్మ తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. “ఆడి అమ్మ తలుసుకుంతందే” అంది మెల్లగా. పైడయ్య తల్లి పోయి ఎన్నేళ్ళో అయింది.

ఆ మాటతో ఊరంతా ఆశ వదిలేసుకుంది. పైడయ్యా వదిలేసుకున్నాడు. గిన్నె కనబడితే మొహం తిప్పేసేవాడు. ఎముకలు తేలిపోయాడు. గవరమ్మకి భయం పట్టుకుంది. ఈ మనిషి రోగంతో కాదు, ఆకలితో పోయేలా ఉన్నాడు.

ఏం చెయ్యాలో పాలుపోక, సగం అల్లిన బుట్ట తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. పైడయ్య తల వంచి, ఎడమ చేత్తో బద్దలు దూర్చడం మొదలుపెట్టాడు. గవరమ్మ ఎదురుగా కూర్చుని చూస్తోంది. అతను గుటక వేశాడు. కాసేపటికి మళ్ళీ వేశాడు. ఇంకాసేపటికి మళ్ళీ. దగ్గు లేదు.

“మావా, ఉమ్ము మింగుతన్నావు గదా” అంది.

పైడయ్య తలెత్తాడు. ఎత్తగానే దగ్గాడు.

“దించు మావా, దించు” అంది.

పలచటివే కదా పొలమారాయని, లేచి చోడిపిండి, అదే రాగిపిండి, చిక్కగా కాచింది, గరిటెకి అంటుకుని జారనంత చిక్కగా. అది చల్లారేలోపు వెదురు బద్దతో చిన్న చెంచా చెక్కింది. అతని తల వంచి ఉండగానే, చెంచా కొస మీద కాస్త పెట్టి నోటికందించింది. చెంచా మూతికి తగిలింది. ఎంగిలైంది. అయితే అయింది. పైడయ్య మింగాడు. రెండోదీ మింగాడు. సంతోషం పట్టలేక గవరమ్మ, “మూతి వంకరైతే ఏటి, ముద్ద తిన్నగానే దిగింది” అంది. పైడయ్యకి నవ్వొచ్చింది. నోట్లో ముద్ద ఉండగానే ఏదో అనబోయాడు. పొలమారింది. గవరమ్మ నాలుక కరుచుకుంది.

ఆ దగ్గు విని ఎర్నమ్మ నలుగురిని వెంటేసుకుని తులసి నీళ్ళ చెంబుతో వచ్చింది. కడసారి గొంతు తడపాలని ఆమె తాపత్రయం. మనసు మంచిదే, పాపం. “ఆడి తలెత్తి పట్టుకోండి” అంది.

గవరమ్మ అడ్డంగా నిలబడింది. “అత్తా, ఆ నీల్లు పోత్తే మా మావ ఇప్పుడే పోతాడు. కూకో. సూడు.”

మొగుడి వైపు తిరిగి చెప్పింది. “తల దించు. కొంచెం తీసుకో. మింగినాక మాటాడు.”

పైడయ్య తల దించాడు. కొంచెం తీసుకున్నాడు. మింగాడు. అప్పుడు మాట్లాడాడు, ముద్ద మాటే గాని అందరికీ అర్థమైంది.

“అత్తా, మా అమ్మకి సెప్పు. ఇప్పుడప్పుడే రానని.”

ఎర్నమ్మ చెంబు కింద పెట్టి ఏడ్చేసింది.

పైడయ్య చెయ్యి పూర్తిగా రాలేదు. ఎత్తి పోసుకుని నీళ్ళు తాగడం మళ్ళీ లేనే లేదు. అయినా ఎన్నో పంటలు చూశాడు. ఎడమ చేత్తో బుట్టలల్లి, వంకర మూతితోనే సంతలో బేరాలాడాడు. చుట్టుపక్కల ఎవరికి మూతి వంకరపోయినా గవరమ్మకి కబురొచ్చేది. చెంచా చెక్కుకుని వెళ్ళేది. “తల దించు. కొంచెం తీసుకో. మింగినాక మాటాడు.” కొందరికి దిగేది. కొందరికి దిగేది కాదు. దిగనివాళ్ళ దగ్గర చెయ్యి పట్టుకుని కూర్చునేది.

చివరికి పైడయ్య పోయాడు. ఆ తర్వాత గవరమ్మా పోయింది. పిల్లల్లేనిదాన్ని, నన్నెవరు తలుచుకుంటారులే అనుకుంటూనే పోయింది, పిచ్చితల్లి.

ఇప్పటికీ ఆ కొండ కింద ఊళ్ళలో అన్నం దగ్గర ఎవరికైనా పొలమారితే నెత్తిమీద తట్టరు. వీపు మీద చెయ్యి వేసి, తల మెల్లగా ముందుకు వంచుతారు. ఎవరు తలుచుకుంటున్నారో అని వెతుక్కోరు. “గవరమ్మ తలుసుకుంతంది. తల దించు” అంటారు. ఆ మనిషి చిన్నైనా పెద్దైనా “దించినానమ్మా” అని బదులు చెప్పాలి.

మింగినాకే చెప్పాలి.