లాలమ్మ రజాయి

నస్రీన్, ఇలియాస్, ఈ కథ మీరు వినలేదు. తప్పు నాదే. వచ్చే సెలవుల్లో అమ్మమ్మ పక్కన పడుకుని వింటారులే అనుకున్నాను. ఆ సెలవులు రాకముందే మా అమ్మ ఈ లోకం నుంచి వెళ్ళిపోయింది. ఈ మస్కట్‌లో మీకు చలి అంటే ఏసీ చలే. మా నంద్యాల వైపు చలికాలంలో నలుగురం ఒకే దూది రజాయిలో దూరి, అమ్మ కడుపు మీద చేతులు వేసి వినేవాళ్ళం. కథలో రజాయి ఆకుపచ్చది అంటాడు మీ మామయ్య. నాకు ఎర్రదిగానే గుర్తు. తప్పైతే దేవుడు క్షమించాలి, ఎర్రదనే రాస్తున్నాను. ఇక అమ్మ చెప్పినట్టే వినండి.

అనగా అనగా, గాలి వీస్తే దూది మబ్బులా ఎగిరే ఒక ఊళ్ళో, మౌలాలి అని ఒక దూదేకులవాడు ఉండేవాడు. వాడికి ఒక తల్లి, ఒక పెళ్ళాం. తల్లి పేరు లాలమ్మ. పెళ్ళాం పేరు పీరమ్మ. తెల్లారితే చాలు, మౌలాలి దూదిలో పుల్లలేరి, విల్లు పట్టి, టంగు టంగున ఏకి, సంచిలో కూరి, సూదితో కుట్టి, నెత్తిన పెట్టి, ఊరందరికీ పరుపులు మోసేవాడు. వాడింట్లో మాత్రం ముసలి తల్లికి చిరిగిన చాపే. ఊ కొడుతున్నారా? ఊ కొట్టకపోతే నా దారం తెగిపోతుంది మరి.

చలికాలం వచ్చింది. నాయనా, చలి ఎముకలు కొరుకుతోంది, నాకో రజాయి కుట్టి పెట్టరా అని అడిగింది లాలమ్మ. వచ్చే శుక్రవారం జుమ్మాకు కుడతాలేమ్మా అన్నాడు మౌలాలి. ఆ జుమ్మా వచ్చింది, కరణం గారి పరుపు అడ్డమొచ్చింది. మళ్ళీ జుమ్మా వచ్చింది, పెళ్ళివారి దిండ్లు అడ్డమొచ్చాయి. మూడో జుమ్మా నాడు తెల్లవారి లాలమ్మ లేవలేదు.

(ఇక్కడ అమ్మ రజాయి మా మెడల దాకా లాగేది. మేము ఊ కొట్టడం మరిచి ఇంకాస్త దగ్గరికి జరిగేవాళ్ళం.)

తల్లికి మట్టి ఇచ్చి వచ్చాడు మౌలాలి. అన్నం సయించదు, విల్లు ముట్టడు. బయట చలిగాలి వీస్తే చాలు, మా అమ్మ వణుకుతోందే అంటాడు. చివరికి లేచి, దూదిలో పుల్లలేరి, విల్లు పట్టి, టంగు టంగున ఏకి, సంచిలో కూరి, సూదితో కుట్టి, ఎర్రెర్రని రజాయి తయారు చేశాడు. తీసుకెళ్ళి గోరీ మీద కప్పుతానన్నాడు.

పీరమ్మ తెలివైన కోడలు. ఏమయ్యా, అది ఎవరైనా లేనివాళ్ళకు అత్త పేరు మీద ఖైరాతు ఇవ్వరాదా అంది. మౌలాలి మండిపడ్డాడు. మా అమ్మ అడిగిన రజాయి ఎవత్తెకో ఇస్తావా? నీ నోరు కుట్టేస్తా, సూది నా చేతిలోనే ఉంది అన్నాడు. సరేలే, దారం ఖర్చు ఎందుకు అని పీరమ్మ ఊరుకుంది.

సాయంత్రం కప్పి వచ్చాడు. పొద్దున పోయి చూస్తే రజాయి లేదు! మౌలాలి ఎగిరి గంతేశాడు. మా అమ్మ తీసుకుంది, మా అమ్మ తీసుకుంది అని ఊరంతా చెప్పాడు. ఊరు నవ్వింది. ఏరా, కొలతలు సరిపోయాయా, మళ్ళీ కబురేమైనా పంపిందా అని ఎగతాళి చేసింది. మౌలాలికి అనుమానం పట్టుకుంది. అమ్మది జాలిగుండె, పక్క గోరీవాళ్ళకు ఇచ్చేసిందేమో! మళ్ళీ పుల్లలేరి, విల్లు పట్టి, టంగు టంగున ఏకి, సంచిలో కూరి, సూదితో కుట్టి, ఇంకోటి కప్పాడు. అదీ మాయం. మూడోది కప్పి, ఈసారి కోడి కూయకముందే వెళ్ళి తుమ్మచెట్టు చాటున కూర్చున్నాడు.

వచ్చింది ఎవరనుకున్నారు? గాలా? మేకా? దయ్యమా? ఊహూ. పీరమ్మ! గోరీ దగ్గర చేతులెత్తి దువా చేసి, రజాయి మడిచి చంకలో పెట్టుకుంది.

దొంగదానా, మా అమ్మను చలికి వదిలేస్తావా అని దూకాడు మౌలాలి. చెయ్యెత్తాడు. పీరమ్మ జంకలేదు. కొడితే కొట్టు గానీ, ముందు నాతో రా, మొదటి రజాయి ఎక్కడికి పోయిందో చూసి తర్వాత కొట్టు అంది.

ఊరి చివర రేగిపండ్లమ్మే అవ్వ గుడిసె. అవ్వ అప్పుడే లేచి, ఎర్ర రజాయి భుజాల నిండా కప్పుకుని కూర్చుంది. గంప నెత్తికెత్తుకునే ముందు రెండు చేతులు పైకెత్తింది. దేవుడా, లాలమ్మ చల్లగా ఉండాలి అంది.

(చల్లగా వద్దమ్మా, వెచ్చగా ఉండాలని అనమను అనేవాడు మీ మామయ్య ప్రతిసారీ. అమ్మ ప్రతిసారీ నవ్వేది.)

మౌలాలి గుడిసె గుమ్మం దాకా వెళ్ళాడు. లాలమ్మ ఎవరో తెలుసా అవ్వా అని అడిగాడు. నాకేం తెలుసు నాయనా, ఈ పిల్ల ఆ పేరు చెప్పమంది, వెచ్చగా లేచిన ప్రతి పొద్దునా చెబుతున్నా అంది అవ్వ.

తల్లి బతికుండగా ఊళ్ళో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. మౌలాలి వాళ్ళమ్మ అనేవారు. మౌలాలి ఆ మట్టిలోనే కూలబడి, తల్లి పోయాక మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చాడు. పీరమ్మ పక్కన కూర్చుంది. పిచ్చోడా, దూది అక్కడికి పోదు. రజాయిలో వెచ్చదనం అవ్వకు పోయింది, అవ్వ నోటి మాట దేవుడికి పోయింది, దేవుడి దయ మా అత్తకు పోతుంది అంది. రెండోదీ పీరమ్మ చేతుల మీదుగా అలాగే ఒక లేని ఇంటికి చేరింది. మూడో రజాయిని మౌలాలే స్వయంగా ఒక కుంటి ముసలాయనకు కప్పి, లాలమ్మ పేరు చెప్పి వచ్చాడు.

ఆ తర్వాత వాడు ప్రతి రోజూ ఒక పిడికెడు దూది పక్కన పెట్టేవాడు. జనాల దూదిలోంచి కాదు సుమా, తన కష్టంతో కొన్న దూదిలోంచే. ఏడాదికి ఒక రజాయి. కొన్నేళ్ళకు ఊళ్ళో చలికి వణికేవాళ్ళు లేరు, లాలమ్మ పేరు ఎత్తని నోరు లేదు. అందరూ సుఖంగా ఉన్నారు. బతికి ఉన్నవాళ్ళకు ఇచ్చేదుంటే జుమ్మా దాకా ఆగకండి. పోయినవాళ్ళకు పేరు పెట్టి ఒక దువా, వాళ్ళ పేరు మీద పిడికెడు ఖైరాతు, అంతే. కథ గోడ దూకి పోయింది, మనం రజాయిలో దూరదాం.

పిల్లలూ, నా గుర్తులో పొరపాట్లు ఉండొచ్చు. గోరీ మీద కప్పొచ్చా లేదా అన్నది కథను అడక్కండి, తెలిసిన పెద్దలను అడగండి. రంగు మర్చిపోయినా ఫరవాలేదు. ఈ చలికాలం మామయ్య నంద్యాల బస్టాండులో పది రజాయిలు పంచుతున్నాడు, మీ పండగ ఈదీ డబ్బులు కూడా అందులో కలిపాను. మీరూ చేతులెత్తి అమ్మమ్మ కోసం దేవుణ్ణి అడగాలి. ఇది రాస్తుంటే గుర్తొచ్చింది, మీకు ఆవిడ అమ్మమ్మ అనే తెలుసు.

మీ అమ్మమ్మ పేరు కాశింబీ. రేపు మీ పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు, ఆ పేరు కూడా చెప్పండి.