రూకకు పెట్టిన పెద్ద పేరు

ఒకానొక రాజ్యంలో రాజుగారి బిరుదులు చదవడానికే ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉండేవాడు. పొద్దున కొలువులో అతను మొదలుపెట్టి ముగించేసరికి ముందు వరసలోని ముసలి మంత్రులకు ఒక కునుకు పూర్తయ్యేది. ఆ రాజ్యం పొగడపురం, ఆ రాజుగారు ప్రతాపకంఠీరవులవారు.

ఒకనాడు సముద్రాలు దాటి వచ్చిన వర్తకుడొకడు కొలువులో సంచి విప్పి, రకరకాల నాణేలు పరిచాడు.

"ఇది దీనారం ప్రభూ, ఇది దిర్హం, ఇది రూబులు. ఈ దేశంవాళ్లు తమ నాణేన్ని కిరీటమనే పిలుచుకుంటారు. ఇదిగో, ఇది రియాలు. రాజుగారిది అని దానికి అర్థం. మరి తమ నాణేన్ని ఏమంటారు?"

"రూక," అన్నాడు కోశాధికారి.

ఇంకా ఏమైనా ఉందేమోనని వర్తకుడు కాసేపు ఎదురుచూశాడు. ఏమీ లేదు. రాజుగారికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడే ఊరంతా దండోరా వేశారు. ఇకమీదట రూకను రూక అనరాదు. దాని పేరు 'శ్రీమద్రాజాధిరాజ రాజమార్తాండ గండరగండ శతసమరవిజయ వీరప్రతాపకంఠీరవ భూపాల మహానాణెం'. కొనేవాళ్లు ఒక్కో నాణేనికీ ఒకసారి చొప్పున ఈ పేరు పూర్తిగా చెప్పాలి. మధ్యలో దగ్గినా తుమ్మినా మళ్లీ మొదటినుంచి. రూక అని నోరు జారితే, ఎంతటివారైనా సరే, నడివీధిలో ఇరవై గుంజీలు.

శతసమరవిజయ అంటే నూరు యుద్ధాలు గెలిచినవాడని. మన రాజుగారు చేసిన యుద్ధం ఒక్కటే, అదీ తోటలో కందిరీగల తుట్టెతో. అందులోనూ ఎవరు గెలిచారో ఎవరూ అడగరు.

ఆ కొలువులో కూచయ్య అనే చమత్కారి ఉండేవాడు. సాయంత్రమయ్యేసరికి కోటగుమ్మం పక్కన గవరమ్మ వేసే పునుగులు తినకపోతే అతనికి రోజు గడిచినట్టుండేది కాదు. దండోరా వేసిన నాడే అలవాటుకొద్దీ నోరు జారి ఇరవై గుంజీలూ తీశాడు. నాలుగోనాడు వెళ్లేసరికి గవరమ్మ పిండిగిన్నె కడిగేస్తోంది.

"అప్పుడే కట్టేస్తున్నావేం పిన్నీ?"

"రేపు ఇంకొక్క పూట చూసి పొయ్యి తీసేస్తాను బాబూ. వచ్చినాయన ఆ పేరు చదివేలోగా పునుగులు చల్లారిపోతున్నాయి. చల్లారినవి నాకెందుకని వెళ్లిపోతున్నాడు. నిన్న నేనూ నోరు జారాను. అరవయ్యేళ్ల మోకాళ్లు, ఇరవై గుంజీలు. రాత్రంతా మూలుగుతూనే ఉన్నాను."

"రేపు పిండి బాగా కలుపు పిన్నీ. నేను గడ్డం గోక్కున్నప్పుడల్లా పచ్చడి పోపులో పిడికెడు ఎండుమిరపకాయలు వెయ్యి. మిగతాది నాకు వదిలెయ్," అన్నాడు కూచయ్య.

మర్నాడు పొద్దున కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, జనం తమ పేరును నానా ఖూనీ చేస్తున్నారు. తమ నోట ఒక్కసారి వింటే బుద్ధిగా నేర్చుకుంటారు. సాయంత్రం కోటగుమ్మం దగ్గర నాలుగు నాణేలకు పునుగులు కొని చూపించండి. అయితే అంతటి పేరు ఖాళీ కడుపుతోనే పలకాలి. మధ్యాహ్నం భోజనం మానాలి."

పుట్టి బుద్ధెరిగాక రాజుగారు ఒక్క పూటా భోజనం మానలేదు. కానీ ఊరంతా తన పేరు తన నోట వింటుందన్న ఆశ ఆకలిని జయించింది.

సాయంత్రం ఊరంతా గుమిగూడింది. మూకుట్లో పునుగులు ఎర్రగా పొంగుతుంటే ఆ వాసనకే రాజుగారికి నోరూరింది. మొదటి నాణెం పైకెత్తి పట్టుకున్నారు.

"శ్రీమద్రాజాధిరాజ రాజమార్తాండ గండరగండ..."

కూచయ్య గడ్డం గోక్కున్నాడు. పక్క పొయ్యిమీద పోపు చిటపటలాడింది. రాజుగారు గట్టిగా తుమ్మారు.

"మళ్లీ మొదటినుంచి ప్రభూ," అన్నాడు కూచయ్య వినయంగా.

రెండోసారి శతసమరవిజయ దగ్గర తుమ్మారు. మూడోసారి చివరిదాకా వచ్చి, మహా అని, నాణెం అనబోతూ దగ్గారు. ఈలోగా మొదటి వాయి చల్లారిపోయింది. గవరమ్మ దాన్ని పక్కనపెట్టి రెండో వాయి దించింది. రాజుగారి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇంకా మొదటి నాణేనికే మోక్షం రాలేదు.

"శ్రీమద్రాజా... అబ్బ, ఇవిగోనమ్మా నాలుగు రూకలు. ముందు ఆ పునుగులు ఇలా పెట్టు," అన్నారు రాజుగారు.

గవరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"గుంజీలు నాక్కూడానా కూచయ్యా?" అన్నారు రాజుగారు మెల్లగా.

"ఎంతటివారైనా సరే అని రాయించింది తమరే కదా ప్రభూ. కాకపోతే మొదటి గుంజీకి ముందే శాసనం రద్దయితే ఎవరూ ఏమీ తీయక్కర్లేదు. ఇప్పటికే తీసినవాళ్లకు గుంజీకొక రూక ఇప్పిస్తే అన్యాయమూ ఉండదు."

రాజుగారు ఒకసారి తన పొట్టకేసి, ఒకసారి తన మోకాళ్లకేసి చూసుకున్నారు. వేడి పునుగొకటి నోట్లో వేసుకున్నారు. అంతే, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"శాసనం రద్దు. గుంజీకొక రూక ఇప్పించండి. కూచయ్యా, నీకు అదనంగా నూరు రూకలు బహుమానం. అయితే ఒక్కొక్కటి అందుకునేటప్పుడు మాత్రం నువ్వు ఆ పూర్తి పేరు చెప్పాల్సిందే."

కూచయ్య వెంటనే దోసిలి పట్టాడు. "అయితే నాకు పునుగులే ఇప్పించండి ప్రభూ. వీటికి బిరుదుల్లేవు."

రాజుగారు ఇంకా గట్టిగా నవ్వి, పేరు ఊసెత్తకుండా ఆ నూరు రూకలూ ఇప్పించారు. గవరమ్మ తన ఇరవై రూకలూ కొంగున ముడివేసుకుని, కూచయ్య దోసిట్లో పునుగులు పోసి, మూడో వాయికి పిండి వేసింది. ఆ వాయి మొత్తం రాజుగారే కొనుక్కున్నారు, రూకకు పన్నెండు చొప్పున.