రాజుగారి ఖూదెమోర్ఖెన్

సముద్రపుటొడ్డున ఒకానొక రాజ్యాన్ని గోపాలభూపతి ఏలేవాడు. ఆయనకు నూట ఎనిమిది బిరుదులు. వందిమాగధులు అవన్నీ చదివేదాకా సభలో ఎవరూ కూర్చోకూడదు. ఆ వైభవమేమిటో ముసలి మంత్రిగారి మోకాళ్ళనడగండి, చెబుతాయి!

ఓసారి రేవుకు ఒలందుల, అంటే డచ్చివాళ్ళ, ఓడ వచ్చింది. రాజు దుబాసి పోలయ్యను పిలిపించాడు.

"ఎల్లుండి ఆ ఓడ కప్తాను మా దర్శనానికి వస్తున్నాడు. అతని భాషలోనే పలకరించి, మా బిరుదులన్నీ మేమే వినిపిస్తాం. నేర్పు. ఒక్కటి తగ్గినా నీ కొలువు ఊడుతుంది."

పోలయ్యకు వచ్చిన ఒలందు మాటలు రేవులో ఏరుకున్న పదో పన్నెండో. ఇంట్లో చూస్తే ఆరుగురు తినేవాళ్ళు. అయినా తొణకలేదు.

"చిత్తం" అన్నాడు. మర్నాడు పొద్దున్నే సభలో, "నేనే కప్తాన్ననుకోండి" అంటూ రాజు కుడిచెయ్యి పట్టుకున్నాడు. సభంతా నోరు వెళ్ళబెట్టింది.

"ఇది వాళ్ళ ఆచారం ప్రభూ. ఎవరి పేరు వాళ్ళే చెప్పుకోవాలి. అది పూర్తయ్యేదాకా చెయ్యి వదలకూడదు. ముందు 'ఖూదెమోర్ఖెన్' అనండి. పొద్దుటి పలకరింపు. బిరుదులు ప్రస్తుతానికి తెలుగులోనే కానివ్వండి."

"ఖూదెమోర్ఖెన్! మేము సమరకేసరి, శత్రుగజభయంకర..."

ఒక్కో బిరుదూ, అది వచ్చిన కథా. నలభయ్యోదానికి ఇద్దరి అరచేతులూ చెమటలు పట్టాయి. అరవయ్యోదానికి ఇద్దరి భుజాలూ లాగాయి. అంతలో మధ్యాహ్నపు గంట మోగింది.

"అయ్యయ్యో! పొద్దుటి పలకరింపు ఇక చెల్లదు ప్రభూ. 'ఖూదెమిద్దఖ్' అని మళ్ళీ మొదటినుంచి రావాలి."

"మళ్ళీనా! ఇంతలో సాయంత్రమైతే?"

"దానికి ఇంకో పలకరింపుంది ప్రభూ."

"ఓరి నీ అసాధ్యం కూలా! దగ్గరి దారేం లేదా?"

"లేకేం? 'ఇక్ హేత్ గోపాలభూపతి.' నా పేరు గోపాలభూపతి అని. అంతే."

"అంతేనా? మరి మేమెంతవాళ్ళమో అతనికి తెలిసేదెలా?"

"మహాప్రభూ, ఆయన ఏడు సముద్రాలు దాటి వచ్చింది తమ పేరు విని. బిరుదులింకా మన రేవే దాటలేదు."

రాజు పోలయ్యను ఉరిమి చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు, ఆపైన పకపకా నవ్వేశాడు.

మర్నాడు కప్తాను రాగానే రాజే చెయ్యి చాచాడు. "ఖూదెమోర్ఖెన్. ఇక్ హేత్ గోపాలభూపతి!"

కప్తాను మొహం విప్పారింది. "ఆంఖెనామ్!" అన్నాడు, కలిసినందుకు సంతోషమని. మంత్రిగారు ఆనందంగా తన ఆసనంలో కూలబడ్డారు.

"పోలయ్యా, నీ కొలువు పదిలం. పైగా నీకో బిరుదిస్తాం!"

"వద్దు ప్రభూ! నిన్నటి భుజం నొప్పే ఇంకా తగ్గలేదు."

రాజు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, తన పట్టుశాలువ తీసి ఆ భుజం మీదే కప్పాడు.