తెలకపిండి పూసిన సైకిలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో సింహం ఉందో లేదో నాకు తెలీదు. ఉన్నా మన కథలోకి రాదు, కాబట్టి దాని గురించి నన్ను అడక్కండి. మన కథ ఒక ముంగిసది. వాడి పేరు పైడిరాజు. వాడికో సైకిలు ఉండేది.

సైకిలంటే వాడికి ఎంత పిచ్చంటే, పొద్దున్నే లేచి తన మొహం కడుక్కోకముందే సైకిలు తుడిచేవాడు. ఒక్కో చువ్వకీ గుడ్డ పెట్టి రుద్దేవాడు. చైనుకి నూనె చుక్క వేసి, పెడలు వెనక్కి తిప్పి, చెవి ఆనించి వినేవాడు. దారిలో ఎవరి సైకిలైనా కిర్రుమంటే వాడికి కడుపులో నొప్పి వచ్చినట్టుండేది. వాళ్ళు పిలవకపోయినా వెళ్ళి బాగుచేసి వచ్చేవాడు. ఇక దిగుడు వచ్చిందంటే రెండు చేతులూ వదిలేసి తొక్కేవాడు. చెట్ల మీది కోతులు తినడం ఆపి మరీ చూసేవి. అలా చూస్తే వాడికి మహా ఇష్టం.

వాడి ఉద్యోగం కూడా సైకిలు మీదే. కొండ అవతల ఎలుగుబంటి అప్పన్నకి ఒక నూనె గానుగ ఉంది. అక్కడి నుంచి నూనె డబ్బాలు సైకిలుకి కట్టుకుని అడవిలో ఇంటింటికీ చేరవేయడం పైడిరాజు పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి సైకిలు నిండా నూనె మరకలు, వాటి మీద తెలకపిండి. తెలకపిండి అంటే తెలుసుగా, నువ్వులు ఆడించాక గానుగలో మిగిలే పిప్పి. ఆ వాసనకి వాడి పెళ్ళాం గౌరమ్మ ముక్కు మూసుకుని నవ్వేది. వాడు నవ్వుతూనే గుడ్డ తీసుకుని మళ్ళీ తుడవడం మొదలుపెట్టేవాడు.

ఇలా ఉండగా అప్పన్న ఒక మోటారు బండి కొన్నాడు. ఒక్కసారి బయల్దేరితే అడవంతా చుట్టి వచ్చే బండి. పైడిరాజుని పిలిచి, నీ తప్పేమీ లేదు, ఇక మాకు సైకిలుతో అవసరం లేదు అని చెప్పాడు. మంచిగానే మాట్లాడి, రెండు నెలల కూలి చేతిలో పెట్టి పంపించేశాడు.

చూశారా, వాడు దొంగతనం చేయలేదు. పని ఎగ్గొట్టలేదు. సిగ్గుపడాల్సిన పని ఒక్కటీ చేయలేదు. అయినా దారి పొడుగునా తల దించుకునే వచ్చాడు. నిన్నటిదాకా మెచ్చుకున్నవాళ్ళు రేపటి నుంచి అయ్యో పాపం అంటారని తలుచుకుంటేనే వాడికి తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే గౌరమ్మ, ఇవాళ తొందరగా వచ్చావేం మావా అని అడిగింది. పని తొందరగా అయిపోయిందన్నాడు. అది మొదటి అబద్ధం. చిన్నదే. అబద్ధాలన్నీ పుట్టినప్పుడు చిన్నగానే ఉంటాయి లెండి.

మర్నాడు మామూలుగానే క్యారేజీ కట్టించుకుని బయల్దేరాడు. ఎక్కడికని? ఎక్కడికీ కాదు. కొండ వెనక ఎవరూ రాని ఒక రాళ్ళగుట్ట ఉంది. అక్కడ సైకిలుకి స్టాండు వేసి పక్కనే కూలబడ్డాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పాడు. గౌరమ్మ తను తక్కువ తిని, బరువులు మోసేవాడని వీడికి ఎక్కువ కట్టింది.

పనిలో ఉన్నన్నాళ్ళూ, ఒక్కరోజు సెలవు దొరికితే చాలు, డబ్బాలు లేకుండా హాయిగా తొక్కుకుంటాను అనుకునేవాడు. ఇప్పుడు రోజంతా వాడిదే. కానీ గుట్ట చుట్టూ రెండు రౌండ్లు తొక్కి దిగిపోయాడు. ఎవరైనా వింటారని బెల్లు కొట్టలేదు. ఎవరైనా చూస్తారని చేతులు వదల్లేదు. వెళ్ళాల్సిన చోటు లేకపోతే సైకిలు ఇంత బరువుగా ఉంటుందని వాడికి అప్పుడే తెలిసింది.

సాయంత్రం ఇంటికి బయల్దేరబోతూ సైకిలు వైపు చూసి ఉలిక్కిపడ్డాడు. అది తళతళా మెరిసిపోతోంది. గానుగ నుంచి వచ్చే సైకిలు అలా ఉంటుందా? గౌరమ్మ ఇట్టే పట్టేస్తుంది. డబ్బాల కింద వేసే పాత గోనె ఒకటి సైకిలు వెనక ఉంది. దాన్ని దులిపితే ఇంత తెలకపిండి రాలింది. అందులో చైనుకి వేసే నూనె కలిపి, మడ్‌గార్డులకీ చువ్వలకీ పులిమాడు. ఒక్క మరక కనిపిస్తే విలవిల్లాడేవాడు తన చేత్తో తనే పులిమాడు. పులుముతున్నంతసేపూ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అది రెండో అబద్ధం. నోటితో చెప్పలేదు, సైకిలుతో చెప్పించాడు. అప్పటి నుంచి రోజూ అదే వరస. పొద్దున్న తుడవడం, సాయంత్రం పులమడం. మోటారు బండి చూసినవాళ్ళు, వీడికి గానుగలోనే వేరే పని ఇచ్చి ఉంటారనుకున్నారు.

ఇక మూడో అబద్ధం సంగతి చెబుతాను. వినడానికి బాగుండదు, అయినా వినాలి.

పైడిరాజు ఇంటి పక్క చెట్టు తొర్రలో అచ్చియ్యమ్మ అనే ఉడత ఉండేది. ఆవిడ మొగుడు తాటిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. పిల్లలు చిన్నవాళ్ళు. వానలు పడకముందే ఉడతలు తొర్ర నిండా గింజలు పోగేసుకోవాలి. లేకపోతే వానాకాలమంతా పస్తులే. ఏటా ఆ పని మొగుడు చేసేవాడు. ఈ ఏడు ఆవిడే ఏదో ఒక కూలి చూసుకోవాలి.

అడవిపంది సన్యాసిరావుకి వేరుశనగ కళ్ళం ఉంది. ఏటా వానల ముందు కాయలు ఒలవడానికి కొద్దిమందిని పెట్టుకుంటాడు. కూలి గింజల్లోనే ఇస్తాడు. ఆయన అచ్చియ్యమ్మకి కబురు పంపాడు. రేపు పొద్దున్నే వస్తే పని నీది, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాను అని. కళ్ళం చాలా దూరం. నడిచి వెళ్ళి నడిచి వచ్చేసరికి మంచంలో ఉన్నవాడికి మంచినీళ్ళిచ్చే దిక్కు ఉండదు. అందుకని ఆ సాయంత్రం ఆవిడ పైడిరాజు దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, మీ గానుగలో నువ్వులు చెరగడానికి ఎవరైనా కావాలా? ఉంటే నీ సైకిలు వెనక కూర్చుని పోయి వచ్చేస్తాను. లేదంటే లేదని చెప్పు, పొద్దున్నే కళ్ళానికి పోతాను" అంది.

లేదక్కా అంటే సరిపోయేది. ఉద్యోగం పోయిందని కూడా చెప్పక్కర్లేదు. కానీ గౌరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మా మావ మాటంటే అప్పన్నకి వేదం, నువ్వు నిశ్చింతగా ఉండు వదినా అని గొప్పగా అంది. ఇద్దరూ తన మొహం వంకే చూస్తున్నారు. వెనక సైకిలు నిండా తెలకపిండి.

"కళ్ళానికి వెళ్ళకక్కా. అప్పన్నతో నేను మాట్లాడతాను. పని ఇప్పించే పూచీ నాది" అన్నాడు పైడిరాజు.

అచ్చియ్యమ్మ సంతోషంగా వెళ్ళి, నేను రావడం లేదని సన్యాసిరావుకి కబురు పెట్టింది. ఆయన ఆ చోట్లో ఒక పొలం ఎలుకని పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఏమవుతుంది? ఏమైందని ఆవిడ అడిగితే, అప్పన్న పొరుగూరు వెళ్ళాడన్నాడు. ఇంకోసారి అడిగితే, వచ్చాడు గానీ ఒంట్లో బాగోలేదన్నాడు. మళ్ళీ అడిగితే, వారం ఆగమన్నాడన్నాడు. తర్వాత ఆవిడకి కనిపించడం మానేశాడు. సాయంత్రం సైకిలు దిగి, మోగకుండా బెల్లు చేత్తో పట్టుకుని, పొదల వెనక నుంచి నడిపించుకుంటూ ఇంటికి చేరేవాడు. అడవంతా చూడాలని చేతులు వదిలి తొక్కినవాడు ఒక ఉడతకి భయపడి దొంగలా వచ్చేవాడు. తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా నోరు విప్పలేదు. అటు ఆకాశంలో మబ్బులు పట్టాయి. ఇటు తొర్రలో గింజలు అడుగంటాయి.

పాపం, అచ్చియ్యమ్మకి వాడి మీద అనుమానం రాలేదు. తమ్ముడు మొహమాటస్తుడు, యజమానిని గట్టిగా అడగలేకపోతున్నాడు, నేనే వెళ్ళి అడుగుతాను అనుకుంది. ఒకరోజు కొండ దాటి గానుగకి వెళ్ళింది. సాయంత్రం తిరిగి వచ్చి నేరుగా పైడిరాజు ఇంటి ముందు నిలబడింది. వాడు అప్పుడే సైకిలుకి స్టాండు వేస్తున్నాడు.

ఎక్కడి నుంచి వదినా ఇంత అలిసిపోయి వచ్చావు అని గౌరమ్మ అడిగింది. గానుగకి వెళ్ళొచ్చానంది ఆవిడ. అచ్చియ్యమ్మ సైకిలు మీది తెలకపిండి వైపు చూసింది. తర్వాత వాడి వైపు చూసింది. ఆవిడ కళ్ళల్లో కోపం కంటే అలసటే ఎక్కువ ఉంది. ఆఖరికి గౌరమ్మ వైపు తిరిగింది.

"ఖాళీల్లేవన్నాడమ్మా అప్పన్న. తమ్ముడు తన వంతు చెప్పే ఉంటాడు. మా రాత అలా ఉంటే తనేం చేస్తాడు" అని చెప్పి, తొర్ర వైపు నడిచింది.

తిట్టి ఉంటే బాగుండేది. అడవంతా పిలిచి పరువు తీసినా వాడు ఓర్చుకునేవాడు. పిల్లల తిండి పోగొట్టుకున్న మనిషి, ఆ పోగొట్టిన వాడి పరువు వాడి పెళ్ళాం ముందు కాపాడి వెళుతోంది. పైడిరాజు సిగ్గుతో చితికిపోయాడు. ఉద్యోగం పోయిన రోజు తను పడింది అసలు సిగ్గే కాదని, సిగ్గంటే ఇదని వాడికి తెలిసొచ్చింది.

"అక్కా, ఆగు" అన్నాడు. ఆవిడ ఆగింది. "గౌరీ, నాకు పని పోయి చాన్నాళ్ళయింది. నేను గానుగకి వెళ్ళట్లేదు. ఈ పిండి నేనే పూస్తున్నాను. అక్కకి వచ్చిన పని నా మూలంగానే పోయింది."

గౌరమ్మ మెల్లగా, "పని పోయిందంటే నేను ఒక్క మాట అనేదాన్నా మావా? ఇప్పుడు ఆ పిల్లలకి ఏం చెబుతావు?" అంది.

పైడిరాజు అచ్చియ్యమ్మని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వెంటనే కళ్ళానికి తొక్కాడు. జరిగిందంతా సన్యాసిరావు ముందు చెప్పి, తప్పు నాది, ఈవిడకి పని ఇవ్వండి బాబూ అని బతిమాలాడు. ఒలిచేవాళ్ళు నిండిపోయారని, ఎలుకని వెళ్ళగొట్టి ఈవిడని పెట్టుకోలేనని ఆయన చెప్పాడు. చెప్పి, వీడిని ఎగాదిగా చూశాడు.

"ఏంటోయ్, నువ్వు ఖాళీగానే ఉన్నావా? బస్తాలు చేరవేయడానికి సైకిలున్నవాడి కోసం అడవంతా గాలించాను. అందరూ నీ పేరే చెప్పారు. గానుగలో పని ఉన్నవాడిని పిలిస్తే బాగుండదని నేనే ఊరుకున్నాను" అన్నాడు.

అప్పటికి సగం బస్తాలు వేరేవాళ్ళు మోసేశారు. మిగిలిన సగం పైడిరాజు మోశాడు. రోజూ వచ్చిన కూలిలో ముందు అచ్చియ్యమ్మ తొర్రలో పోసి, మిగిలింది ఇంటికి తెచ్చేవాడు. కానీ మబ్బులు ఎవరి కోసమూ ఆగవు కదా. తొర్ర సగం నిండకముందే వానలు పడ్డాయి. ఆ వానాకాలం ఆ పిల్లలు ఒంటిపూట తిన్నారు.

ఒకరోజు జోరుగా వాన కురుస్తుంటే పైడిరాజు ఆఖరి గింజల మూట పట్టుకుని తొర్ర దగ్గరికి వచ్చాడు. అచ్చియ్యమ్మ చిన్నకూతురు బయటికి వచ్చింది. దాని డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. ఆకలి మీద ఉన్నప్పుడు గింజలిచ్చే మామయ్య అంటే దానికి దేవుడే. మూట చూడగానే రెండు చేతులూ జోడించి వాడికి దణ్ణం పెట్టింది.

"నాకు పెట్టకమ్మా" అన్నాడు పైడిరాజు. "ఇవి నేనిస్తున్నవి కాదు. మీ అమ్మవే. నేను పోగొట్టినవాటిలో కొన్ని తెచ్చాను, అంతే."

దానికేం అర్థమవుతుంది? చేతులు దించకుండా అలాగే నిలబడింది. పైడిరాజు దాని మొహం వంక చూడలేక, వానలో తల దించుకుని నిలబడిపోయాడు.

నీతి: పని పోయినందుకు ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు. ఆ సంగతి దాచబోయి పక్కవాళ్ళ నోటి దగ్గర కూడు పోగొడితే, ఎంత తెచ్చి పోసినా ఆ తల పైకి లేవదు.