కెమెరా పక్కన

మరేక్‌కి చిరాకేసింది. తన షాట్లన్నీ పొద్దున్నే అయిపోయాయి, సిపాయి వేషం మేకప్ కూడా తుడిచేసుకున్నాడు. అయినా డైరెక్టర్ మళ్లీ రమ్మని కబురు పెట్టాడు.

ఆ రోజుల్లో పోలెండ్‌లో మరేక్ పేరు చెబితే సినిమా హాళ్లు నిండేవి. అతనికి నటన నేర్పిన వితోల్ద్ అదే సినిమాలో తాత వేషం వేస్తున్నాడు. మోకాళ్ల నొప్పులతో సెట్లో ఓ మూల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మరేక్ వెళ్లి ఆయన దగ్గర మొరపెట్టుకున్నాడు.

“చూడండి గురువుగారూ. ఆ కొత్తమ్మాయి హలీనాకి ఏడుపు రావట్లేదట. నేను కెమెరా పక్కన నిలబడి నా మాటలు చెప్పాలట. తెర మీద కనిపించేది ఆ అమ్మాయి మొహం ఒక్కటే. నా మాటలు అసిస్టెంట్ చదువుతున్నాడుగా!”

అసిస్టెంట్ చదువుతూనే ఉన్నాడు, పచారీ సామాన్ల చీటీ చదివినట్టు. హలీనా మొహంలో భయం తప్ప ఏమీ లేదు. సాయంత్రంలోగా షాట్ ఓకే కాకపోతే వేరే అమ్మాయిని పెడతామని ఆమెకి చెప్పేశారు పాపం.

“నీ మొదటి సినిమాలో అంత బాగా ఎలా ఏడ్చావు?” అని అడిగాడు వితోల్ద్.

“అందరికీ చెప్పేదేగా. చనిపోయిన మా అమ్మని తలుచుకున్నాను.”

వితోల్ద్ మరేక్ చేతిలోని సిపాయి టోపీ తీసుకుని తలకి పెట్టుకున్నాడు. కుంటుకుంటూ వెళ్లి కెమెరా పక్కన నిలబడ్డాడు.

“యుద్ధానికి వెళ్తున్నాను. నా కోసం ఎదురుచూడకు.”

డెబ్బై ఏళ్ల ముసలాయన నోట కుర్రాడి మాటలు. మామూలుగా అయితే నవ్వు రావాలి. ఎవరికీ రాలేదు. ఆయన గడ్డం వణికింది, కళ్లు నిండాయి. ఆ కళ్లలోకి చూస్తూ హలీనా ఏడ్చేసింది.

అప్పుడు గుర్తొచ్చింది మరేక్‌కి, తన మొదటి సినిమాలో వాన సీను. కెమెరా తన మీదే ఉంది. ఒళ్లు కాలిపోయే జ్వరంతో వితోల్ద్, తెర మీద కనిపించకపోయినా, పూర్తి వేషంలో వానలో తడుస్తూ ఎదురుగా నిలబడ్డాడు. తను ఏడ్చింది ఆ మొహం చూసే. తన బతుకు మార్చింది ఆ షాటే. ఇన్నేళ్లూ ఊరంతా అమ్మ పేరు చెప్పుకు తిరిగాడు. ఈయన ఒక్కసారీ కాదనలేదు.

వితోల్ద్ తిరిగొచ్చి కూర్చోగానే మరేక్ ఆయన చేతులు పట్టుకున్నాడు.

“ఆ వానలో... మీరు, గురువుగారూ. ఇన్నేళ్లలో మీకు ఒక్క మంచి మాటైనా చెప్పలేదు.”

“నాకెందుకులే,” అంటూ వితోల్ద్ టోపీ తీసి అతని చేతిలో పెట్టాడు. “ఆ పిల్లకి ఇంకో షాట్ ఉంది.”

మరేక్ మేకప్ గదికి పరుగెత్తాడు.

“మీ షాట్లు అయిపోయాయిగా సార్?” అంది మేకప్ చేసే ఆవిడ.

“మొత్తం వెయ్యండి,” అన్నాడు అద్దం ముందు కూర్చుంటూ. “ఆ అమ్మాయికి సిపాయి కనబడాలి.”