పేటకు మారిన కొత్వాలు కాపురం

వీరగిరి కోట బయటి అంగళ్ల పేటలో దొంగతనాలు పెరిగిపోయాయి. రాజుగారు సభ పిలిచి ఉపాయం అడిగారు.

“పొద్దు వాలకముందే అంగళ్లు మూయించండి ప్రభూ!” అన్నాడు పేట కాపలా చూసే కొత్వాలు, దర్పంగా.

సభకు వచ్చిన పేటవాళ్లలో గాజులమ్మే సింగారమ్మ కూడా ఉంది. ఆమె బేరాలన్నీ సాయంత్రమే మరి! ధైర్యం చేసి లేచి, కొత్వాలు వైపు తిరిగింది.

“దొరా, తమరింట్లో ఎప్పుడైనా దొంగలు పడ్డారా?”

“నా ఇంట్లోనా? వీధి పొడుగునా నలభైమంది భటులుంటే ఏ దొంగ వస్తాడే!”

“అయితే ప్రభూ, అంగళ్లు మూయించడమెందుకు? దొరగారి కాపురాన్ని మా పేట నడిబొడ్డుకు మార్పించండి, చాలు!”

సభంతా ఘొల్లున నవ్వింది. రాజుగారు అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చేశారు. మర్నాడే కొత్వాలు సామాన్ల బళ్లు పేటకొచ్చాయి. వాటి వెనకే నలభైమంది భటులూ దిగారు. ఆ తర్వాత ఒక్క దొంగైనా పేటవైపు తొంగిచూస్తే ఒట్టు!