రాతికెక్కని జాబితా

మల్లెకొండ రాజు వెంగళభూపతికి ఒకరోజు ఉన్నట్టుండి చరిత్రలో నిలిచిపోవాలనిపించింది. గడువు తీరబోతున్న ప్రాంతీయ సభలోని నలభైమంది సభ్యుల పేర్లు, ఎవరిది ఏ పక్షమో రాతి మీద చెక్కించమన్నాడు.

ఆ పని సభ లేఖకుడు పేరిశాస్త్రి నెత్తిన పడింది. శాస్త్రి చెప్పగా శిల్పి ఎర్ర కండువాల పక్షం కింద ఒకరి పేరు చెక్కి, పొడి ఊదేలోగా ఆ పెద్దమనిషి పచ్చ కండువాల్లోకి దూకేవాడు. చెక్కడం, గీకడం. రాతిపలక అరిగిపోయింది గానీ జాబితా తేలలేదు.

"రేపటికి పూర్తి కాకపోతే నీ కొలువు ఊడినట్టే" అన్నాడు రాజు విసుగ్గా.

దివాను కొండలరాయుడు మీసం దువ్వాడు. "ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముంది ప్రభూ? ముప్ఫైమంది నావాళ్లే, ఎర్ర కండువాలు. నాకోసం ప్రాణాలిస్తారు. శాస్త్రికి చేతకాకపోతే ఇంటికి పంపండి."

శాస్త్రికి ఒళ్లు మండింది. ఇరవయ్యేళ్ల కొలువు ఈ మీసాలాయన మాటకు పోవాలా? రాజు దగ్గరికెళ్లి చెవిలో ఏదో చెప్పాడు. రాజు నవ్వాపుకుంటూ తలూపాడు.

ఆ సభలో ఒక ఆచారముంది. దివానును మార్చదలిస్తే ముందు ఆయన కుర్చీని ఎదుటి పక్షం వైపుకు మోయిస్తారు. కొత్త దివాను పేరు తర్వాత చెబుతారు.

మర్నాడు కొండలరాయుడు రాజుకు నమస్కరించడానికి లేచాడు. శాస్త్రి కన్ను గీటాడు. ఇద్దరు బంట్రోతులు గబగబా వచ్చి, ఆయన కుర్చీని ఎత్తుకెళ్లి పచ్చ కండువాల ముందు పెట్టారు.

అంతే! ముప్ఫైమందీ సంకలో దాచుకున్న పచ్చ కండువాలు తీసి, మెడలో వేసుకుంటూ పరుగో పరుగు.

"నాకసలు ఆ కొండలరాయుడి మొహమే గిట్టదండీ!" అన్నాడు అందరికంటే ముందు చేరిన ఆయన సొంత బావమరిది.

ఆ కుర్చీ కోసం అయిదేళ్లుగా కాచుక్కూర్చున్న అసలు పచ్చ కండువాలు పదిమందికీ కూర్చునే చోటు లేకపోయింది.

శాస్త్రి మళ్లీ కన్ను గీటాడు. కుర్చీ వెనక్కి కదిలింది. ఈసారి నలభైమందీ దాని వెంటపడ్డారు. అందరికంటే ముందు కొండలరాయుడు, కుర్చీ కోడు పట్టుకుని!

రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "శాస్త్రీ, ఇప్పుడు రాతి మీద ఏమని చెక్కిద్దాం?"

"పేర్లెందుకు ప్రభూ? కుర్చీ బొమ్మ చెక్కించి, కింద 'సభ్యులు నలభై, పక్షం ఒకటే' అని రాయిస్తే చాలు!"

సభ బయట ఉలి పట్టుకుని కూర్చున్న శిల్పి అందరికంటే గట్టిగా నవ్వాడు. రాజు తన చేతి బంగారు కడియం తీసి శాస్త్రికి తొడిగాడు. కొండలరాయుడు మాత్రం కుర్చీ కోడు వదల్లేదు.